మోయని తీగకు పూచీ ఎవరిది?

తంతి తీగ మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి చట్టం దాని గురించి ప్రధానంగా రెండు ప్రశ్నలే వేసుకుంటూ వచ్చింది. తీగ మీద పోయిన మాటకు పూచీ ఎవరిది? తీగను ఆపే అధికారం ఎవరిది? టెలిగ్రాఫు పోయి టెలిఫోను వచ్చింది, టెలిఫోను తీగ మీదికి కంప్యూటర్లు ఎక్కాయి, కంప్యూటర్ల వలకు అంతర్జాలమని మనం ముచ్చటగా తెలుగు పేరు పెట్టుకున్నాం. ప్రశ్నలు మాత్రం ఆ రెండే. మూడో ప్రశ్న ఒకటి ఉన్నది. మోయవలసిన మాటను తీగ మోయకపోతే పూచీ ఎవరిది? తీగ అంటున్నాను గానీ ఇప్పుడది చాలాచోట్ల గాలిలో నడిచే తరంగమే. ఆ మాటలో అన్నింటినీ కలుపుకుంటున్నాను.

ఈ మూడో ప్రశ్న హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో కూర్చున్నవారికి తోచదు. తోచాలంటే నర్సీపట్నం దాటి ఘాటు రోడ్డెక్కి లంబసింగి దాకా పోవాలి. చింతపల్లి మండలంలోని ఈ ఊరు మనలో చాలామందికి శీతాకాలపు ఫొటోలలోనే పరిచయం. సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తు, తెల్లవారుజామున లోయ నిండా పాలపొంగులాంటి మంచు, ‘ఆంధ్రా కాశ్మీరు’ అనే బిరుదు. స్థానికులు కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి ఆరుబయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కర్రలా కొయ్యబారిపోతాడట. పర్యాటకులకు సిగ్నలు అందకపోతే ఫొటో ఆలస్యంగా చేరుతుంది, అంతే. ఆ చుట్టుపక్కల గూడేలలో సిగ్నలు అందకపోతే ఏమి ఆలస్యమవుతుందో చెప్పే ముందు, మొదటి రెండు ప్రశ్నలకు మన చట్టం ఏ సమాధానాలు చెప్పిందో ఒకసారి చూడాలి. మూడోది ఎందుకు మరుగున పడిందో అప్పుడు గాని అర్థం కాదు.

అన్నింటికీ మూలం 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం. దాని నాలుగో సెక్షను ప్రకారం టెలిగ్రాఫు నెలకొల్పి నడిపే ప్రత్యేకాధికారం ప్రభుత్వానిది. ఇంకెవరు నడపాలన్నా లైసెన్సు పుచ్చుకోవలసిందే. ఐదో సెక్షను కింద అత్యవసర పరిస్థితిలో ప్రభుత్వం వార్తను ఆపవచ్చు, మధ్యలో పట్టుకొని చదువవచ్చు. ఈ రెండు సెక్షన్లను అందరూ తలుచుకుంటారు. తొమ్మిదో సెక్షనును తలుచుకునేవారు తక్కువ. టెలిగ్రాఫు ఉద్యోగి వార్తను తీసుకోవడంలో, పంపడంలో, అందజేయడంలో కర్తవ్యం తప్పినందువల్ల ఎవరికి ఏ నష్టం వచ్చినా ప్రభుత్వానికి బాధ్యత లేదని ఆ సెక్షను సారాంశం. ఉద్యోగి నిర్లక్ష్యంగానో, దురుద్దేశంతోనో, మోసంతోనో చేసినట్లు తేలితే అతడొక్కడే బాధ్యుడు. అంటే నా మూడో ప్రశ్నను చట్టం 1885లోనే విన్నది, విని, ‘పూచీ మాది కాదు’ అని రాసుకున్నది.

కంప్యూటర్ల వలలు వచ్చినప్పుడు వాటికి వేరే చట్టమేదీ పుట్టలేదు. 1986లో విద్యాసంస్థలను కలుపుతూ ఎర్నెట్ మొదలైంది. ఆ దశాబ్దం చివరికల్లా నిక్‌నెట్ ఉపగ్రహం ద్వారా దేశంలోని జిల్లా కేంద్రాలను కలిపే పని చేపట్టింది. ‘జిల్లా కేంద్రం’ అన్న మాట గమనించండి. మన్యానికి ఆనాడు జిల్లా కేంద్రం విశాఖపట్నం. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. కలెక్టరు కార్యాలయం దాకా వచ్చిన వల అక్కడే ఆగింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ అంతర్జాలాన్ని జనానికి తెరిచినప్పుడు అది మహానగరాల వైభవం. 1998లో ప్రైవేటు సంస్థలకు లైసెన్సులిచ్చారు, 2002 ఏప్రిల్ దాకా అంతర్జాలం మీద ఫోను మాట్లాడడమే నిషిద్ధం. ఇవన్నీ ఆ నాలుగో సెక్షను మహిమే. ప్రభుత్వం అనుగ్రహిస్తే అందే సౌకర్యంగానే తప్ప, పౌరుడు అడిగి పుచ్చుకొనే హక్కుగా ఈ వలను ఎవరూ ఊహించలేదు.

మొదటి ప్రశ్నకు, అంటే పోయిన మాటకు పూచీ ఎవరిదన్నదానికి, 2000 సంవత్సరపు ఐటీ చట్టం 79వ సెక్షనులో ఒక సమాధానం చెప్పింది. తెలియక మోసినవాడికి కొంత రక్షణ. ఆ ‘కొంత’ ఎంతో తేల్చిన వ్యాజ్యం మన సికింద్రాబాదులోనే పుట్టింది. ఆస్‌బెస్టాస్ రేకులు తయారుచేసే విశాఖ ఇండస్ట్రీస్, 2008లో గూగుల్ గ్రూప్స్‌లో వచ్చిన కొన్ని రాతల వల్ల తమకు పరువునష్టం కలిగిందని గూగుల్ ఇండియాను కూడా చేర్చి మెజిస్ట్రేటు కోర్టులో క్రిమినల్ ఫిర్యాదు చేసింది. కొట్టివేయమని గూగుల్ హైకోర్టుకు వెళితే 2011లో కాదన్నారు. సుప్రీంకోర్టు 2019 డిసెంబరు 10న తీర్పు చెప్పింది. 2009 అక్టోబరులో సవరణ అమలుకు రాకముందు ఉన్న 79వ సెక్షను ఐటీ చట్టపు నేరాలకే కవచం తప్ప శిక్షాస్మృతిలోని పరువునష్టానికి కాదని, విచారణ సాగవలసిందేనని. ఆ కొద్దిపాటి రాతలకు పదకొండేళ్ల వాదన జరిగిందంటే ఆ ప్రశ్నకు ఎంత గౌరవం దక్కిందో చూడండి. రాసినవాడి మీద 66ఏ సెక్షను పడింది. 2013 మే నెలలో ఫేస్‌బుక్ రాతకు మన చీరాల పోలీసులే ఒక పౌరహక్కుల కార్యకర్తను అరెస్టు చేశారు. 2015 మార్చి 24న ఆ సెక్షనునే సుప్రీంకోర్టు కొట్టివేసింది.

రెండో ప్రశ్న, ఆపే అధికారం, మనలో పాత కాపులకు స్వానుభవమే. 2003 సెప్టెంబరులో మేఘాలయకు చెందిన ఒక్క యాహూ గుంపును ఆపమని ప్రభుత్వం ఆదేశిస్తే, ఒక్కదాన్ని ఆపడం చేతగాని సర్వీసు ప్రొవైడర్లు యాహూ గుంపులన్నింటినీ ఆపేశారు. రచ్చబండ వంటి తెలుగు గుంపులు ఉండేది అక్కడే. 2006 జూలైలో, ముంబాయి రైళ్లలో పేలుళ్లు జరిగిన రోజులలో, ఇరవై లోపు చిరునామాలను మూయమంటే బ్లాగ్‌స్పాట్ మొత్తానికే తలుపు వేశారు. అన్నమయ్య కీర్తనల మీద టపాలు రాసుకునేవారికీ, ఆవకాయ పాళ్లు చెప్పేవారికీ ఒకటే తాళం. కొద్ది రోజులకు తీశారనుకోండి. ఒక్క పురుగుకు పొలమంతా తగలబెట్టే ఈ అలవాటు తరువాత తరువాత ముదిరి, జిల్లాలకు జిల్లాలను మూసే దాకా వచ్చింది. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో మొబైల్ అంతర్జాలం రోజుల తరబడి నిలిచిపోయింది. ఇళ్ల నుంచి పనిచేసే సాఫ్ట్‌వేరు ఉద్యోగులు సిగ్నలు వెతుక్కుంటూ పొరుగూళ్లకు పోయారు.

దీనికి కూడా కాలక్రమంలో ఒక పద్ధతి ఏర్పడింది. 2017 నిబంధనల ప్రకారం నిలిపివేత ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి, కారణాలు చెప్పాలి, ఐదు పనిదినాలలో సమీక్షా సంఘం చూడాలి. 2020 జనవరి 10న అనురాధా భసీన్ తీర్పులో సుప్రీంకోర్టు ఉత్తర్వులను ప్రకటించి తీరాలన్నది, గడువు లేని నిలిపివేత చెల్లదన్నది. అదే ఏడు నవంబరులో ఒక్కో ఉత్తర్వుకు పదిహేను రోజుల పరిమితి పెట్టారు. 1885 చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. ఆపే అధికారాన్ని 20వ సెక్షనులో తిరగరాసుకున్నారు, 2024లో కొత్త నిబంధనలూ వచ్చాయి. ఈ పద్ధతిని ఎంతవరకు పాటిస్తున్నారన్నది వేరే చర్చ. కోర్టుకు పోవడానికి కనీసం ఒక కాగితమంటూ ఉన్నది.

ఇప్పుడు మళ్లీ కొండెక్కుదాం.

లంబసింగి రోడ్డు మీద ఉన్న ఊరు. రోడ్డు విడిచి, ఒక కొండ మలుపు తిరిగి, ఒక గెడ్డ దాటి ఉండే గూడేల సంగతి వేరు. సెల్‌ఫోను తరంగం చాలావరకు చూపు పోయినంత మేరే పోతుంది, కొండ అడ్డమైతే దాని వెనక నీడ పడుతుంది. మైదానంలో ఒక టవరు పది ఊళ్లకు సరిపోతుందనుకుంటే, మన్యంలో లోయకొకటి కావాలి. ఇది ప్రకృతి, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ నీడలో బతికేవాడి తిండిని ఆ తరంగానికే ముడిపెట్టినది ప్రకృతి కాదు, ప్రభుత్వం.

ఏజెన్సీలో రేషను ఇచ్చేది ఎక్కువగా గిరిజన సహకార సంస్థ డిపోలు, జనం నోట డీఆర్ డిపోలు. 1956లో ఏర్పడ్డ ఈ సంస్థ దశాబ్దాల పాటు చేతిరాత పుస్తకాలతోనే బియ్యం తూచింది. తరువాత ఈపాస్ మిషను వచ్చింది. వేలిముద్ర ఎక్కడో ఉన్న సర్వరుకు పోయి, సరేనని జవాబు వస్తేనే బియ్యం. సిగ్నలు అందే గుట్ట మీదికి మిషనును మోసుకెళ్లడం, ముసలివాళ్లు కూడా ఆ గుట్టెక్కి వేలు పెట్టి రావడం, ఆ తరువాత కిందికి దిగి బియ్యం పుచ్చుకోవడం గురించి మన్యం విలేకరులు ఏళ్ల తరబడి రాస్తూనే వచ్చారు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో హాజరును కూడా రోజుకు రెండుసార్లు ఫొటోతో యాప్‌లో ఎక్కించాలన్నారు. మట్టి తవ్వినది నిజమే, తవ్విన చేయి నిజమే. ఫొటో ఎక్కకపోతే మాత్రం తవ్వనట్లే లెక్క.

కోనసీమలో నిలిపివేతకు ఉత్తర్వు ఉన్నది, కారణం ఉన్నది, గడువు ఉన్నది, తప్పయితే కోర్టు ఉన్నది. కొండ వెనక గూడెంలో అంతర్జాలం లేకపోవడానికి ఉత్తర్వు లేదు, కారణం రాసిన కాగితం లేదు, గడువు లేదు, సమీక్షా సంఘం లేదు. ఎవరూ ఆపలేదు కనుక దాన్ని నిలిపివేత అనరు. ఫలితం మాత్రం ఒకటే, అదీ పదిహేను రోజులు కాదు, ఒక తరం. ఒకరు ఆపితే అది హక్కుల సమస్య, ఎవరూ ఇవ్వకపోతే అది ‘వెనుకబాటుతనం’. ఈ తేడా న్యాయమైనదని నేను ఒప్పుకోలేను.

ఇక్కడ కొందరు మిత్రులు అభ్యంతరాలు చెబుతారు, వాటిలో పస లేకపోలేదు. మొదటిది, టవరు కట్టడం లాభసాటి కాదని. నిజమే, అందుకే 2002 ఏప్రిల్ 1 నుంచి సార్వత్రిక సేవా నిధి ఉన్నది. టెలికాం సంస్థల లెక్కతేలిన రాబడిలో అయిదు శాతం దానికి జమ చేయించారు. మనం మాట్లాడిన ప్రతి కాలులోనూ గూడెం టవరుకు కొన్ని పైసలు పడ్డాయన్నమాట. 2024లో దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మారింది. పైగా 1995 ఫిబ్రవరిలో బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది. లంబసింగి వెనక గూడెంవాడు కూడా ఆ ఆస్తికి వాటాదారే. వేలంలో అమ్మినప్పుడు అతడి వాటాకు ఏమి దక్కింది?

రెండోది, అటవీ చట్టాలూ 1/70 నిబంధనా అడ్డమని. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడికి అమ్మడమే కాదు, లీజుకివ్వడం కూడా బదిలీ కిందికే వస్తుంది. ప్రైవేటు కంపెనీకి ప్రభుత్వ భూమి ఇవ్వడం కూడా చెల్లదని 1997 జూలై 11న సమతా తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం పుట్టిందీ విశాఖ మన్యంలోనే, అనంతగిరిలో. ఈ రక్షణలను సడలించమని ఎవరైనా టవరు పేరు చెప్పి అడిగితే నేను అటువైపు లేను. లంబసింగి రోడ్డు పక్కన రిసార్టుల సందడి చూసినవారికి, ఒక్క సందు తెరిస్తే ఏమేమి దూరతాయో చెప్పనక్కరలేదు. అసలు సడలించే అవసరమే లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షనులోనే దారి ఉన్నది. గ్రామసభ సిఫారసు చేస్తే, హెక్టారుకు లోబడిన అటవీ భూమిని బడికీ ఆసుపత్రికీ చెరువుకూ ఇచ్చినట్లే విద్యుత్తు, టెలికాం లైన్లకు కూడా ఇవ్వవచ్చు. దారి ఉన్నది, దానికి గ్రామసభ గుమ్మం గుండా పోవలసి ఉన్నది. చాలామందికి ఇష్టం లేనిది ఆ గుమ్మమే అని నా అనుమానం.

మూడోది, మావోయిస్టులు టవర్లను పేల్చేవారని. పేల్చారు, అది కూడా చరిత్రే. ఎందుకు పేల్చారో, ప్రభుత్వం ఎందుకు కట్టిందో రెండూ ఒక్కచోటికే వస్తాయి. ఇద్దరి దృష్టిలోనూ టవరు పోలీసుల చెవి. 2014లో కేంద్రం తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలకు మంజూరు చేసిన టవర్ల జాబితా హోంశాఖ ఎంపిక. కట్టినవి 2,343 చోట్ల, అన్నీ 2జీవే. నగరాలలో 4జీ మాట వినబడుతున్న కాలంలో కొండకు మాట తప్ప సమాచారం పెద్దగా మోయలేని టవరు చాలన్నారు. వాటిని 4జీకి మార్చాలన్న నిర్ణయం వచ్చింది 2022 ఏప్రిల్‌లో. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి వంద కొత్త టవర్లు ప్రారంభించినప్పుడు వాటిలో అధికభాగం అల్లూరి జిల్లాలోనివే. సంతోషించవలసిన విషయమే. కానీ అనుగ్రహంగా వచ్చినది హక్కు కాదు. బ్యాటరీ పాడై మూడు వారాలు మూగబోతే ఎవరిని అడగాలో ఆ టవరు కింద నిలబడ్డవాడికి తెలియదు. 2023 చట్టాన్ని నేను ఆ దృష్టితోనే చదివాను. ఫలానా గూడేనికి ఫలానా గడువులోగా సేవ అందించి తీరాలని పౌరుడు నిలదీయగల సెక్షను నాకు అందులో కనబడలేదు.

లంబసింగికి వల రావడం ఇది మొదటిసారి కూడా కాదు. మొదట వచ్చిన వల రోడ్డు. నర్సీపట్నం నుంచి లంబసింగికి బాట వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, గిరిజనుల చేత చాకిరీ చేయించుకొని ఇవ్వవలసిన కూలి ఇవ్వలేదు. ఆ కడుపుమంట 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దాడి దాకా పోయింది. బాట వద్దని ఎవరూ తిరగబడలేదు. బాట వేసిన చేతికి దాని మీద హక్కు లేకపోవడం, అడగబోతే వినే కచేరీ లేకపోవడం, అదీ అసలు సంగతి. నూరేళ్ల తరువాత వచ్చిన వలను కూడా అదే కొలతతో కొలవాలంటాను. వచ్చిందా లేదా అన్నది ఒక లెక్క. రాకపోతే అడగడానికి చోటుందా అన్నది మరో లెక్క.

అందుకే నేను కోరేది పెద్ద మాటలేమీ కాదు. ఒకటి, బియ్యానికో కూలికో పింఛనుకో వలను షరతుగా పెట్టినచోట, వల పనిచేయకపోవడం ప్రభుత్వ లోపంగా రాసుకోవాలి, లబ్ధిదారు గైర్హాజరుగా కాదు. సిగ్నలు లేదనో వేలిముద్ర పడలేదనో ఎవరికీ రేషను నిరాకరించరాదని, విడిగా పుస్తకంలో రాసి ఇవ్వాలని కేంద్ర ఆహారశాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఆ పుస్తకం ప్రతి డీఆర్ డిపోలో బల్ల మీద కనబడాలి. రెండు, 2013 ఆహారభద్రత చట్టం ఎనిమిదో సెక్షను, ధాన్యం అందనివారికి భత్యం ఇవ్వాలంటుంది. సిగ్నలు లేక అందని బియ్యానికి ఆ సెక్షనును వర్తింపజేయాలి. 1885 నాటి తొమ్మిదో సెక్షను వైఖరికి సరైన విరుగుడు అదే. మూడు, వల ఆగిపోయిన రోజుల పట్టిక టవరు వారీగా ప్రకటించాలి, ఉత్తర్వుతో ఆపితే ప్రకటించవలసినట్లే. నాలుగు, టవరు ఎక్కడ ఉండాలో గ్రామసభ చెప్పాలి. ఏ మలుపు దగ్గర సిగ్నలు తెగుతుందో సంతకు నడిచి వెళ్లేవాడికి తెలిసినంతగా ఏ పటానికీ తెలియదు.

న్యాయస్థానాలు ఈ దిక్కుగా ఒక అడుగు వేశాయి. దృష్టిలోపం ఉన్నవారూ, యాసిడ్ దాడికి గురైనవారూ ఈకేవైసీలో ఎదుర్కొంటున్న ఇబ్బందుల మీద 2025 ఏప్రిల్ 30న తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలు అందుకోగలగడం 21వ అధికరణలోని జీవన హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు అన్నది. కెమెరా ముందు కన్ను ఆర్పలేనివాడికి దక్కిన హక్కు, కొండ నీడలో ఉన్నవాడికి ఎందుకు దక్కదు? ఆ వాదన చేసే న్యాయవాది మన్యానికి దొరకాలి.

2006లో మన బ్లాగులు మూతపడ్డప్పుడు ఆ కొద్ది రోజులకే మనం ఎంత గగ్గోలు పెట్టామో తలుచుకోండి. తప్పు కాదు, పెట్టవలసిందే. మన మాట ఆగిపోయినందుకు అంత కోపం వచ్చినవాళ్లం, మాటతోపాటు బియ్యం కూడా ఆగిపోయేవారి తరఫున అందులో సగం గొంతైనా విప్పగలమా అన్నదే నా సందేహం. మీరేమంటారు?